అప్‌డేట్: చెరువుల గేమ్‌లో మీ ఫీడ్‌బ్యాక్ తర్వాత ఏం మారిందంటే

కాకతీయుల కాలపు ఊళ్లను, గొలుసుకట్టు చెరువులను నడిపే స్ట్రాటజీ గేమ్ చేస్తున్నానని, ఆడినవాళ్లు మొదటి ఎండాకాలం దాటకుండానే ఎందుకు వదిలేస్తున్నారో చెప్పమని అడిగాను కదా.

ఎక్కువమంది చెప్పింది ఒకటే: పంట ఎండిపోతోంది, ఎందుకో తెలియట్లేదు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితేనే కింది చెరువుకు నీళ్లొస్తాయి. ఆ లెక్క లోపల నడుస్తోంది కానీ స్క్రీన్ మీద కనిపించేది కాదు. ఇప్పుడు మత్తడి దూకగానే వాగు వెంట నీరు పారుతుంది. తూము మీద క్లిక్ చేస్తే ఏ ఆయకట్టుకు (చెరువు నీటితో సాగయ్యే పొలాలకు) ఎంత పోతుందో తెలుస్తుంది. పూడిక చేరితే ఇదివరకు అంకె ఒకటి తగ్గేది, ఇప్పుడు చెరువు అడుగే పైకి లేస్తుంది. (ఆ యానిమేషన్‌కి ఎంత టైమ్ పట్టిందో అడక్కండి.)

గేమ్ తయారీకి వాడే ఇంజిన్ గోడాట్ (Godot) 3 నుంచి 4కి మారాక స్క్రీన్ మీద తెలుగు ఒత్తులు విడిపోవడం ఆగింది.

యుద్ధాలు పెట్టమని చాలామంది అడిగారు. పెట్టను. కానీ రామప్ప చెరువు కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి సేనానే, కాబట్టి సైన్యం ఊసే లేకుండా కుదరదు. యుద్ధం మ్యాప్ బయట జరుగుతుంది. ఊళ్లో మనుషులు తగ్గుతారు, వానాకాలంలో కట్ట తెగితే పూడ్చేవాళ్లు చాలరు. నాకు ఈ టెన్షనే ఎక్కువ నచ్చింది.

తేలనిది వరుసగా రెండేళ్ల కరువు. కొందరికి అదే అసలు మజా, కొందరు అక్కడే గేమ్ తీసేశారు. ఈజీ మోడ్‌లో ఒక్క ఏడాదే ఉంచి చూస్తున్నాను.