సమస్య: “నేలమీఁద నోడ నీట మునిగె”

పృచ్ఛకుడు (విజయవాడ, గవర్నరుపేట): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. పద్యంలో జలాంతర్గామి కనబడాలి, అదొక్కటే నియమం. ఇందులో నా స్వార్థం ఉంది. మూడు నెలలుగా భోజనాల బల్ల మీద ఫాక్స్‌ట్రాట్ తరగతి (సోవియట్ రకం) జలాంతర్గామి ప్లాస్టిక్ కిట్ కడుతున్నాను. విశాఖ బీచ్‌లో ఒడ్డెక్కించి మ్యూజియం చేసిన కుర్సురాది ఆ తరగతే. అసలుది 91.3 మీటర్లు, నాది 1/350 నిష్పత్తిలో 26 సెంటీమీటర్లు, స్కూలు స్కేలు కంటే కాస్త పొట్టి. సంక్రాంతికి బొమ్మల కొలువులో మత్స్యావతారం పక్కన పెడతానంటే మా అమ్మ ఇంకా ఔనూ అనలేదు, కాదూ అనలేదు.

పటమట మాస్టారు:
ముప్పదేండ్లు కడలి మునిగి తేలిన జోదు
గట్టు నెక్కె నదియె కడకు నేఁడు
తాత నడిగె బుడత తానెట్లు వింతగా
నేలమీఁద నోడ నీట మునిగె?

పృచ్ఛకుడు: కుర్సురా 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించింది కాబట్టి ‘ముప్పదేండ్లు’ సరిపోయింది. ‘గట్టు నెక్కె’ బాగుంది. కానీ మాస్టారూ, సమస్యను ప్రశ్నగా మార్చి పిల్లవాడి నోట పెట్టడం అందరం వాడేసిన ఉపాయం. పైగా ‘తాను’ యతి కోసం కూలికి వచ్చినట్టుంది.

పటమట మాస్టారు: కూలి ఇచ్చేశాను, పంపించేయండి.

గుంటూరు బ్రాడీపేట నుంచి:
చీమ పాకు నెందు? చేర్చు నేది దరికి?
మొసలి కెచట బలిమి? ముందు చెపుమ
ఋణము లెక్కువైన నేమాయె నాసామి?
నేలమీఁద, నోడ, నీట, మునిగె

పృచ్ఛకుడు: క్రమాలంకారం (ప్రశ్నలకు వరుసగా జవాబులు) నిర్దుష్టం. అప్పుల సామి మునగడం దగ్గర గట్టిగా నవ్వాను. కానీ జలాంతర్గామి ఏదండీ? ఇదే పద్యం ఏ ఓడ సమస్యకైనా అతుకుతుంది. పోటీకి తీసుకోను.

ఇంజనీరింగ్ విద్యార్థి (కానూరు): మొదటి ప్రయత్నం, తిట్టండి.
సందు నింపి గీకి నల్లరంగును పూసి
నేను బకెటునందు నెట్టినంత
చిన్ని తూట్ల నీరు చేరెను లోనికి
నేలమీఁద నోడ నీట మునిగె

పటమట మాస్టారు: మొదటి పాదంలో ‘స’కు ‘న’తో యతి చెల్లదు నాయనా. ‘సందు నింపి గీకి చక్కగా రంగద్ది’ అను. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది.

పృచ్ఛకుడు: యతి పోయినా విషయం తెలిసిన పద్యం. రెండు సగాలు అతికించాక సందులో పుట్టీ నింపి ఉప్పుకాగితంతో గీకడం ఈ పనిలో సగం. ఆ తూట్లూ నిజమే. జలాంతర్గామి పైతొడుగుకు వరుసగా కన్నాలుంటాయి. మునిగేటప్పుడు వాటిలోంచి నీళ్లు తొడుగులోకి వస్తాయి, మనుషులుండే లోపలి పొట్ట మాత్రం పొడిగా ఉంటుంది. కిట్లలో చాలావాటికి ఆ కన్నాలు గుంటలుగానే ఉంటాయి, సన్నని డ్రిల్లు బిట్‌తో మనమే తెరవాలి. మీరు తెరిచారు, బొమ్మకేమో లోపలి పొట్ట లేదు. బకెట్‌లో మునగక ఏం చేస్తుంది!

మొగల్రాజపురం అక్క:
పలకపైన రెసిను పల్చగా పోసితి
నీలి రంగు గలిపి నెమ్మదిగను
గట్టిపడిన పిదప గాజుబల్లను జూడ
నేలమీఁద నోడ నీట మునిగె

పృచ్ఛకుడు: ‘పల్చగా’ అన్న ఒక్క మాటతో మీరు చెయ్యి కాల్చుకున్నవారని తెలిసిపోయింది. రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు ద్రవం) ఒక్కసారే మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ వంకర పోతుంది. పొర ఆరాకే పొర. అయితే గాజుబల్ల ఎక్కించాక సమస్యలోని నేల ఏమైంది?

మొగల్రాజపురం అక్క: ‘గట్టిపడిన పిదప గదిలోనఁ గనినంత’. సరేనా?

పృచ్ఛకుడు: భేష్.

సింగ్‌నగర్ నుంచి: 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు మా వీధి సంగతి మీకు తెలుసు. నా కిట్ 67 మీటర్ల జర్మన్ యు-బోట్ (జలాంతర్గామి), 1/144లో దాదాపు 47 సెంటీమీటర్లు. బీరువాలో పట్టక కింద పెట్టాను.
పొంగి పొరలి వచ్చె బుడమేరు రాతిరి
మందు లుప్పు పప్పు మంచమెక్కె
ఆరు నెలల పనిని నక్కటా మరచితి
నేలమీఁద, నోడ నీట మునిగె

పటమట మాస్టారు: ఒక్క విరామం జరిపి సమస్యను విప్పేశారు! ‘మరచితి నేలమీఁద’ దగ్గర ఆగితే వైరుధ్యమే లేదు. ‘పొ’కు ‘బు’ యతి ఎంత హాయిగా పడిందో. ఉప్పూ పప్పూ మధ్య ‘అక్కటా’ ఒక్కటే పట్టుపంచె కట్టుకుని నిలబడింది.

సింగ్‌నగర్ నుంచి: ఆ రోజు నోటివెంట వచ్చిన మాట ఆటవెలదిలో ఇమడదు మాస్టారూ.

బ్రాడీపేట నుంచి: అధ్యక్షా, ఇందులోనూ జలాంతర్గామి పేరు లేదు. నాకో న్యాయం, వారికో న్యాయమా?

పృచ్ఛకుడు: నిజమే, పేరు లేదు. ఆరు నెలల పని ఉంది. నియమం పెట్టినవాడినే సడలిస్తున్నాను, పక్షపాతమంటే పడతాను. ఇంతకీ ఓడ దక్కిందా?

సింగ్‌నగర్ నుంచి: ప్లాస్టిక్‌కు ఏమవుతుందండీ. డెకాల్స్ (అతికించే గుర్తులు) ఊడాయి, పెరిస్కోపు విరిగింది. టవర్ సగం దాకా బురద గీత పడింది, దాన్ని కడగలేదు.

పృచ్ఛకుడు: అలాంటి మరక తెప్పించడానికి నేను వారం నుంచి పల్చటి గోధుమరంగు పూసి తుడుస్తున్నాను, కుదరడం లేదు. ఫొటో పెట్టండి, మా అమ్మకు చూపించాలి.