కొరియన్ చీకటి కథల్లో పసివాణ్ణి చంపడం అవసరమా?

గోదారిగట్టు:
కొరియన్ రచయిత్రి బోరా చంగ్ కథల పుస్తకం ‘కర్స్డ్ బన్నీ’ 2022లో ఇంటర్నేషనల్ బుకర్ (అనువాద పుస్తకాలకిచ్చే బహుమతి) షార్ట్‌లిస్ట్‌లో ఉందని కొన్నా, ఇంగ్లీషులోకి అనువాదం ఆంటన్ హర్ చేశారు. టైటిల్ కథ దగ్గర ఆగిపోయా. చేతబడి వస్తువులు చేసే తాత, తన స్నేహితుడి సారా వ్యాపారాన్ని పెద్ద కంపెనీ నాశనం చేసిందని కుందేలు బొమ్మ లాంప్ చేసి పంపుతాడు. సరే, కానీ దానికి బలయ్యేది ఆ కంపెనీ ఓనరు మనవడు, స్కూలు పిల్లాడు! వాడేం చేశాడు?

నల్లమబ్బు:
ఆ స్నేహితుడేం చేశాడండీ? సారాలో ఇండస్ట్రియల్ ఆల్కహాల్ కలుపుతున్నాడు, తాగితే కళ్ళు పోతాయి అని ఆ కంపెనీవాళ్ళు పుకారు పుట్టించారు, వ్యాపారం మునిగి ప్రాణం తీసుకున్నాడు. దాని గురించి ఒక్క ముక్క రాయలేదేం మీరు?

సుజాత_వి:
నేను అంతదాకా కూడా పోలేదు, మొదటి కథలో టాయిలెట్లోంచి తల పైకొచ్చి అమ్మా అని పిలవగానే పుస్తకం మూసేశా.

పాతపేజీ:
చావు లేకుండానే భయపెట్టొచ్చు. ఇంకో కొరియన్ రచయిత్రి హా సాంగ్ నాన్ కథ ‘ఫ్లవర్స్ ఆఫ్ మోల్డ్’ చూడండి, జానెట్ హాంగ్ అనువాదం. కొరియాలో 1995 నుంచి చెత్త వెయ్యడానికి ప్రత్యేకమైన సంచులు కొనుక్కోవాలి. మామూలు సంచిలో పడేశాడని ఒకతని చెత్త విప్పి చూస్తారు, తర్వాత అతనే రాత్రిళ్ళు పక్కవాళ్ళ చెత్త తెచ్చి బాత్‌టబ్‌లో పోసి, ఎవరేం తిన్నారో రాసుకుంటుంటాడు.

గోదారిగట్టు:
అది బాగుంది, కానీ నా ప్రశ్న అది కాదు. పిల్లాడు ఎందుకు?

నల్లమబ్బు:
మా నాన్నది నూనె మిల్లు. కల్తీ నూనె అని ఊరంతా చెప్పి మూయించారు, చేసినవాళ్ళు ఇప్పటికీ కార్లలో తిరుగుతున్నారు. నన్ను స్కూల్లో కల్తీ నూనె అని పిలిచేవాళ్ళు, అప్పుడు నేనూ పిల్లాణ్ణే కదా, పిల్లాడేం చేశాడని ఒక్కరూ అడగలేదు.

గోదారిగట్టు:
మీకు జరిగింది ఘోరమే, దానికి ఈ పిల్లాడి చావు సమాధానమా? నిజం చెప్పండి, ఆ పేజీలు చదువుతుంటే మీకు హాయిగా అనిపించిందా లేదా?

నల్లమబ్బు:
అనిపించింది. కోర్టు ఇవ్వంది కథ ఇచ్చింది. మీలాంటివాళ్ళు అదీ వద్దంటే మాకింక మిగిలేదేంటి?

గోదారిగట్టు:
అదేనండీ నా భయం. పిల్లాడు చస్తుంటే హాయిగా ఉందనిపించే కథని నేను నమ్మలేను, ఎంత బాగా రాసినా సరే.

పాతపేజీ:
తాత సంగతి ఇద్దరూ వదిలేశారు. సొంత పగకి ఇలాంటివి చెయ్యకూడదన్నది వాళ్ళ ఇంటి నియమం, ఆయన దాన్ని దాటాడు. చచ్చిపోయాక కూడా కుర్చీలో కూచుని అదే కథ చెప్తుంటాడు. రచయిత్రి హాయి ఎక్కడ ఇచ్చింది?

నల్లమబ్బు:
ఆ కుర్చీలో మా నాన్న కూచున్నా నేను రోజూ వింటానండీ.

గోదారిగట్టు:
వినండి, కాదనను. ఆ పిల్లాడి వైపు నుంచి కూడా ఎవరైనా ఒకరు మాట్లాడాలి కదా, అది నేను మాట్లాడతా.