కారం ప్యాకింగ్ మెషీన్‌కి ఎమర్జెన్సీ స్విచ్, టవర్ లైట్ ఏవి తీసుకోవాలి?

ప్రశ్న: మెషీన్ కంట్రోల్ 24 వోల్టుల డీసీ, చిన్న పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపించే కంట్రోల్ కంప్యూటర్). ఎర్ర బటన్ వైరు నేరుగా పీఎల్‌సీ ఇన్‌పుట్‌కే వెళ్తోంది. అది సరిపోతుందా? టవర్ లైట్‌లో మెషీన్ స్థితి చూపే లైట్లు ఏ రంగులవి పెట్టాలి?

జవాబు 1: సరిపోదండీ. పీఎల్‌సీ హ్యాంగ్ అయినా, ఔట్‌పుట్ షార్ట్ అయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. 40 ఎంఎం ఎర్ర మష్రూమ్ తల, వెనక పసుపు ప్లేటు, నొక్కితే లాకై తిప్పితే వదిలే రకం తీసుకోండి. రెండు ఎన్‌సీ (మామూలుగా మూసుకుని ఉండి, నొక్కితే తెరుచుకునే) కాంటాక్టులు సేఫ్టీ రిలేకి (బటన్‌ని గమనిస్తూ కరెంటు తెంచే భద్రతా రిలే) రెండు ఛానెళ్లుగా వెళ్లాలి. రిలే కింద రెండు కాంటాక్టర్లు (మోటారు కరెంటు తెంచే పెద్ద స్విచ్‌లు) సిరీస్‌లో పెట్టి, వాటి ఎన్‌సీ కాంటాక్టులను రీసెట్ లూప్‌లో కలపండి. ఒకటి అతుక్కుపోతే రీసెట్ అవ్వదు. బటన్ తిప్పగానే మెషీన్ దానంతటదే కదలకూడదు, స్టార్ట్ విడిగా నొక్కాలి. ప్యాకెట్ అంచు నొక్కి అతికించే సీలింగ్ జాలు (దవడలు) గాలితో నడిచేవైతే కరెంటు ఒక్కటే ఆపితే చాలదు, సిలిండర్‌లో గాలి మిగులుతుంది. ఆ గాలిని బయటికి వదిలేసే డంప్ వాల్వ్ పెట్టండి. అయితే గాలి పోయాక జా జారి చెయ్యి నలగదని ముందే చూసుకోండి.

జవాబు 2: ఒకటి మర్చిపోకండి. అదురుకి కాంటాక్ట్ బ్లాక్ తల నుంచి ఊడితే ఎన్‌సీ మూసుకునే ఉంటుంది, ఎంత నొక్కినా ఆగదు. ఊడితే సర్క్యూట్ తెగే సెల్ఫ్ మానిటరింగ్ బ్లాకే కొనండి. కారం దుమ్ము లోపలికి పోకుండా ఐపీ65 రక్షణ ఉన్నది తీసుకోండి.

జవాబు 3: మెషీన్ల విద్యుత్ భద్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60204-1 ప్రకారం ఎరుపు ప్రమాదానికి, పసుపు తేడా వచ్చినప్పుడు, ఆకుపచ్చ మామూలు నడకకి, నీలం ఆపరేటర్ ఏదైనా చేసి తీరాలన్నప్పుడు. ఆపేసినా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంటే పీఎల్‌సీ ఔట్‌పుట్ నుంచి కారే లీకేజీ కరెంటే కారణం. లైటుకి సమాంతరంగా బ్లీడర్ రెసిస్టర్ (ఆ కొద్ది కరెంటుని తన గుండా పోనిచ్చేది) వేస్తే పోతుంది.