“బర్జిల్లయిలా ఎవరికీ భారం కాను” అంటున్న అత్తగారు: ఇది వినయమేనా?

ఎంవీపీ కోడలు:
అందరికీ వందనాలు. మా అత్తగారికి 78 ఏళ్లు. మామగారు విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన రోజుల్లో మల్కాపురంలో కట్టిన ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. పెద్దక్షరాల బైబిలు కూడా చదవలేకపోతున్నారు. ఆపరేషన్ చేయిస్తాం, మా దగ్గరే ఉండండి అంటే బర్జిల్లయి మాట ఎత్తుతారు. దావీదు రాజు యెరూషలేముకు రమ్మని పిలిచినా ఆ 80 ఏళ్ల పెద్దాయన “రాజుకు నేను భారమెందుకు” అన్నాడు కదా అని (2 సమూయేలు 19). మొన్న ఆదివారం ప్రసంగమూ దానిమీదే. మా ఆయనేమో “అమ్మ తృప్తిగా ఉంది, అన్నవస్త్రాలు చాలని వాక్యమే ఉంది కదా, వదిలెయ్” అంటారు. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

గాజువాక సంఘపెద్ద:
సిస్టర్, ఆమె విశ్వాసాన్ని మనం తూకం వేయకూడదు. తిండి రుచి తెలియడం లేదు, గాయకుల స్వరం వినబడడం లేదు అని రాజు ముందే చెప్పుకున్నాడు బర్జిల్లయి. తన హద్దు తెలిసిన మనిషి. 75 దాటినా కమిటీ కుర్చీ వదలని మనవాళ్లు (నన్నూ కలుపుకోండి) ఆయన దగ్గర నేర్చుకోవాలి. ప్రత్యక్ష గుడారంలో సేవ చేసే లేవీయులను 50 ఏళ్లకే పని మానమన్నాడు దేవుడు. ఆ తర్వాత సహోదరులకు తోడుగా ఉంటే చాలు (సంఖ్యాకాండము 8). సొలొమోను రాజు హృదయం దారి తప్పింది వృద్ధాప్యంలోనే. వయసుతోపాటు కోరికలు తగ్గడం కృప. బలవంతపెట్టకండి.

రాస్‌హిల్ వాసి:
పెద్దలు క్షమించాలి, మనం బర్జిల్లయి కథ సగమే చదువుతున్నాం. ఆయన గొప్ప ధనవంతుడని అదే అధ్యాయంలో ఉంది. తిరగబడిన కొడుకు అబ్షాలోముకు భయపడి పారిపోయిన రాజుకు మహనయీములో పరుపులు, గోధుమలు, తేనె, గొర్రెలు తెచ్చిచ్చినవారిలో ఆయనొకడు. అన్నీ ఉన్నవాడు రాజు భోజనం వద్దనడానికీ, చూపు తగ్గిన తల్లి వైద్యం వద్దనడానికీ పోలిక ఏమిటి? పైగా ఆయన ఏమీ అడగలేదా? సొంత ఊళ్లో, తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోనివ్వమన్నాడు. నాకు బదులు మావాడు కింహామును తీసుకెళ్లి నీకు తోచిన మేలు చెయ్యమన్నాడు. మొహమాటం లేకుండా రెండు కోరికలు!

అపొస్తలుడు పౌలు సంగతీ అంతే. ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండడం నేర్చుకున్నానని ఫిలిప్పీయులకు రాసిన ఆ భాగమే, ఎపఫ్రొదితు చేత వారు పంపిన కానుకకు కృతజ్ఞత చెప్పే భాగం. ఆయన దాన్ని తిప్పి పంపలేదు, పుచ్చుకున్నాడు.

ఇక అన్నవస్త్రాలు చాలనే మాట మొదటి తిమోతి పత్రిక ఆరో అధ్యాయంలోది. దానికి ముందు ఐదో అధ్యాయం ఉంది. విధవరాలికి పిల్లలో మనుమలో ఉంటే కన్నవారి రుణం తీర్చడం వారే ముందు నేర్చుకోవాలట. స్వంతవారిని చూడనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడట. తల్లి చదవాల్సిన ఆరో అధ్యాయాన్ని మీ ఇంట్లో కొడుకు చదువుతున్నారు.

సీతమ్మధార విద్యార్థి:
కాలేబును మరిచారు. 85 ఏళ్లకు హెబ్రోను కొండసీమ ఇమ్మని ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువను నేరుగా అడిగాడు. అది అహంకారమా?

గాజువాక సంఘపెద్ద:
కాదు బాబూ. కానీ కాలేబు అడిగింది సుఖం కాదు, భారీకాయులైన శత్రువులు అనాకీయులు ఇంకా కాపురమున్న చోటు. మోషే మాట ఇచ్చాడు, ఒంట్లో బలం అలాగే ఉంది. ముసలివాళ్లందరినీ కాలేబులు కమ్మంటే ఎలా?

కోర్టు గుమస్తా:
2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీఓ ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు.

రాస్‌హిల్ వాసి:
కొడుకు చూడనన్నాడా? ఆవిడే వద్దంటున్నారు. అర్జీ ఎవరిమీద పెడతారు?

ఎంవీపీ కోడలు:
నిన్న అత్తగారి దగ్గర కూర్చుని, బర్జిల్లయిని పక్కనపెట్టి అసలు భయమేమిటని అడిగాను. మా ఇంటికి వస్తే మల్కాపురం ఇల్లు అమ్మేస్తామని ఆవిడ అనుమానం. మా ఆయన ఎప్పుడో ఫోన్లో ధర వాకబు చేస్తుంటే విన్నారట. ఇల్లు అమ్మం, ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఈ ఇంటికే తీసుకొస్తాం అంటే “అయితే సరే” అన్నారు. చుక్కల మందు వేయడానికి మా ఆయనే వచ్చి ఉండాలని షరతు కూడా పెట్టారు.

గాజువాక సంఘపెద్ద:
దేవునికి స్తోత్రం. అయినా ఆ ప్రసంగం తప్పంటే మాత్రం ఒప్పుకోను.

రాస్‌హిల్ వాసి:
తప్పనలేదండీ. కొడుకులు కూర్చునే వరుసకు కూడా ఒకటి కావాలంటున్నాను. ఐదో అధ్యాయం ఎప్పుడు?

గాజువాక సంఘపెద్ద:
పాస్టరుగారిని అడుగుతాను.