సమస్యాపూరణం: గేదె కడుపునఁ బుట్టె నా గిత్తదూడ

నిర్వాహకుడు: పాలకేంద్రం క్యూలో తట్టిన పాదం. దీన్ని చివరి పాదంగా అమర్చి పద్యం పూర్తి చేయండి. ఆదివారం రాత్రి దాకా గడువు. ‘కలగంటి’ అని తప్పించుకునే పూరణలు దయచేసి వద్దు, కిందటిసారి వచ్చినవి చాలు.

మీగడశాస్త్రి:
జీవకణముల పోగులఁ జేయ లెక్క
ఆవు కఱువది, గేదెకు నైదు పదులు;
కలిసి తిరిగిన నీ రెండు కడుపు రాదు
గేదె కడుపునఁ బుట్టెనా గిత్తదూడ?

కొల్లేటికొంగ: ‘పుట్టె నా’ను ‘పుట్టెనా’ అని ప్రశ్నగా మార్చిన విరుపు భేష్. మూడో పాదానికి పడి నవ్వాను. కానీ ‘ఆవుకు’ ఏమిటి శాస్త్రిగారూ, ‘ఆవునకు’ కదా? ‘ఆల కఱువది’ అంటే గణమూ చెడదు. ఇంకొకటి. మీరన్న జీవకణపు పోగులు, అదే క్రోమోజోములు, గుర్రానికి 64, గాడిదకు 62, అయినా కంచరగాడిద పుడుతోందిగా? లెక్క తేడా ఒక్కటే కారణం కాదండీ, ఆవూ గేదే విడిపోయి లక్షల ఏళ్లయింది.

పెరుగుముంత: ఫిలిప్పీన్స్ రైతు మాటగా చదువుకోండి. అక్కడి కారబావు చిత్తడి గేదె, పాల కోసం ముర్రాతో (మన నది గేదెల జాతి) కలుపుతారు.
నలువదెనిమిది చిత్తడి నాటుదున్న
ఏబదైనట్టి ముర్రాల నెనసి కూడ
నలువదియుఁ దొమ్మిదియె దక్కె, నచ్చె నాకు
గేదె కడుపునఁ బుట్టె నా గిత్తదూడ.

మీగడశాస్త్రి: ‘దొమ్మిదియె దక్కె’ అంటే ఏదో పోయినట్టుంది. పోలేదు. నది గేదెలోని 4, 9 క్రోమోజోములు చిత్తడి గేదెలో కొసకు కొస అతుక్కుని ఒకటే అయ్యాయి, అందుకే 48. దూడకు ఒకవైపు 25, ఇంకోవైపు 24. అది పెరిగి ఈనుతుంది కూడా, కాకపోతే చూలు నిలవడం కాస్త తగ్గుతుంది.

కొల్లేటికొంగ: దున్నదూడను ‘నా గిత్త’ అని ముద్దు చేస్తే సమస్య తీరినట్టా, దాటవేసినట్టా?

పెరుగుముంత: మునుపటి ‘యముని దున్న’ సమస్యకు రాసిన పూరణలో దున్నలన్నిటినీ చైనా నుంచి తోలుకొచ్చిన తమరా అడిగేది? నది గేదెను మచ్చిక చేసింది మన ఉపఖండపు వాయవ్యాన, సుమారు 6,000 ఏళ్ల కిందట. చిత్తడి గేదెది చైనా, ఇండోచైనా సరిహద్దు వైపు, పూర్తిగా వేరే కథ. జన్యువులు చూసి తేల్చిన సంగతి ఇది.

కొల్లేటికొంగ: అస్సాంలోనూ చిత్తడి గేదెలున్నాయి. యముడు అటునుంచి రాకూడదా? పైగా నా ఆ పద్యంలో ‘నచ్చె నాకు’ లాంటి, ఊరికే పాదం నింపే మాట ఒక్కటీ లేదు.

నిర్వాహకుడు: యముడి పంచాయితీ ఆ పోస్టు కిందే పెట్టుకోండి. ‘ఆల కఱువది’ సవరణతో శాస్త్రిగారి పద్యం పైకి జరుపుతున్నాను.