నల్ల స్క్రీన్ మీద గ్రబ్ వస్తే ఫార్మాట్ కొట్టించడమేనా? షాపోళ్ళ మాట నమ్మాలా వద్దా?

గాజువాక_కుర్రోడు:
అన్నలూ కొంచెం అర్జెంటు. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, ఉబుంటూ (లినక్స్) రెండూ ఉన్నాయి, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తోంటే, ఉబుంటూ ఎలాగూ వాడట్లేదు కదా అని విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ పార్టిషన్ (డిస్క్‌లో దానికిచ్చిన భాగం) డిలీట్ కొట్టేశా. 90 జీబీ ఖాళీ అయితే వచ్చింది గానీ సీ కి కలపబోతే ఎక్స్‌టెండ్ అన్నది నొక్కడానికే రావట్లేదు, సరే రీస్టార్ట్ చేస్తే వస్తుందేమో అని రీస్టార్ట్ చేశా, అంతే. నల్ల స్క్రీన్, పైన గ్నూ గ్రబ్ అని, మినిమల్ బాష్ లైక్ అని ఏవో రెండు లైన్లు, కింద గ్రబ్ అని రాసి కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. విండోస్ జాడే లేదు.

ద్వారకానగర్‌లో ఒక షాపుకి పట్టుకెళ్తే చూడగానే "పార్టిషన్ టేబుల్ ఎగిరిపోయింది, ఫార్మాట్ కొట్టాలి, డేటా గ్యారంటీ లేదు" అన్నాడు. డీ డ్రైవ్‌లో నాన్న మందుల షాపు టాలీ డేటా మూడేళ్ళది ఉంది. బ్యాకప్ లేదు, తిట్టకండి. ఇంటికి తెచ్చేశా, బ్యాగులోనే ఉంది. నిజంగా వేరే దారి లేదా?

ఎన్‌ఏడీ_కొత్తరోడ్:
ముందు ఆ షాపు వైపు మళ్ళీ వెళ్ళకు తమ్ముడూ. పార్టిషన్ టేబుల్, అంటే డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుండే పట్టిక, నిజంగా పోయుంటే నీకు గ్రబ్ (ఉబుంటూతో వచ్చే బూట్ ప్రోగ్రాం) కూడా కనపడేది కాదు, బూటయ్యే డివైసే లేదని వచ్చేది.

జరిగింది ఏటంటే, స్విచ్ వెయ్యగానే మదర్‌బోర్డు డిస్క్‌లో ఈఎఫ్ఐ అని ఒక బుల్లి ఫ్యాట్32 పార్టిషన్‌ చూస్తుంది, విండోస్ వేసినప్పుడు మామూలుగా 100 ఎంబీ పెడుతుంది దానికి. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డరూ ఉంటుంది, ఉబుంటూ ఫోల్డరూ ఉంటుంది. నువ్వు చెరిపింది ఉబుంటూ పెద్ద పార్టిషన్, బుల్లి దాంట్లో దాని ఫోల్డర్ అలాగే ఉంది, బోర్డు లిస్టులో ఇప్పటికీ మొదటి పేరు అదే. అంటే ఇల్లు కూల్చేశావు, గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం ఇంకా కుర్చీలోనే ఉన్నాడు, వచ్చినోళ్ళని ఎక్కడికి పంపాలో తెలీక అక్కడే నిలబెట్టేస్తున్నాడు. విండోస్ ఇంటికి ఏమీ కాలేదు.

ఆ గ్రబ్ దగ్గరే ఎగ్జిట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టు, చాలాసార్లు లిస్టులో తర్వాతదానికి, అంటే విండోస్‌కి వెళ్ళిపోతుంది. లేదంటే ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ, కంపెనీని బట్టి, కొడుతూ ఉంటే బూట్ మెనూ వస్తుంది, విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకో. తర్వాత బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, దాన్నే పైకి పెట్టేస్తే అయిపోయింది. దీనికి ఫార్మాట్ ఏటి అసలు? షాపోళ్ళకి తెలిసింది ఒకటే గోళీ, జ్వరమొచ్చినా కాలు విరిగినా అదే ఇస్తారు.

డాబాగార్డెన్స్_బెంచి:
గోళీ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా, పదకొండేళ్ళ నుంచి రిపేర్ బెంచి మీద కూర్చుని ఇవే చూస్తున్నా నేను. ఆ షాపాయన కారణం తప్పు చెప్పాడు, ఒప్పుకుంటా. కానీ ఫార్మాట్ ఎందుకంటామో మీకు తెలీదు గురూ. కస్టమర్ రెండు గంటల్లో కావాలంటాడు, డిస్క్ ముందు కాపీ తీస్తానంటే దానికి వేరే డబ్బులా అంటాడు, మనం చెయ్యి పెట్టాక ఒక్క ఫోల్డర్ కనపడకపోయినా అది ముందే లేదన్నా వినడు, షాపు ముందు జనం పోగవుతారు. ఫార్మాట్ అంటే ముందే సంతకం పెట్టించుకుంటాం, గొడవ లేదు.

పైగా కుర్రాళ్ళు నెట్‌లో చూసి వాళ్ళే బాగుచెయ్యబోయి తెచ్చేవి అసలువాటికంటే ఘోరం. ఒకాయన డెస్క్‌టాప్‌లో జీపార్టెడ్ అని పార్టిషన్లు మార్చే సాఫ్ట్‌వేర్ పెట్టి పార్టిషన్‌ని ఎడమవైపు జరుపుతుండగా కరెంటు పోయింది, యూపీఎస్ లేదు. అది జరపడం అంటే గీత మార్చడం కాదు, మొత్తం డేటా ఒక చోట నుంచి ఇంకో చోటికి కాపీ అవుతుంది, సగంలో ఆగితే అటూ కాదు ఇటూ కాదు. పోయిన డేటా వెతికే టెస్ట్‌డిస్క్ పెట్టి రెండ్రోజులు కూర్చుంటే కొన్ని ఫొటోలొచ్చాయి, అంతే.

ఇంకోటి, ఎగ్జిట్ కొడితే విండోస్ వచ్చేస్తుందని అంత ధీమాగా చెప్పకండి. బిట్‌లాకర్, అదే విండోస్ డిస్క్‌కి వేసే తాళం, ఉంటే ఏం చేస్తారు?

తర్వాతొస్తా:
అసలు 2026లో డ్యూయల్ బూట్ (ఒకే మెషీన్‌లో రెండు ఓఎస్‌లు) ఎందుకయ్యా, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 ఉంది, అందులో నడిచేది నిజమైన లినక్స్ కెర్నెలే. కాలేజీ పనికి అది చాలు. లేని రోగం కొని తెచ్చుకుని మందెక్కడ అని అడగడం.

ఎన్‌ఏడీ_కొత్తరోడ్:
@తర్వాతొస్తా పాత ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్‌తో ఉన్నోడికి వర్చువల్ మెషీన్ నడుపుకోమని సలహా, బాగుంది.

@బెంచి అన్నా, మీ కష్టం అర్థమైంది, కానీ కస్టమర్ గొడవ పెడతాడని అతని డేటా చెరిపేస్తామంటే ఎలాగ? "నాకు రిస్క్ వద్దు, వేరే చోటికి వెళ్ళండి" అనొచ్చుగా.

ల్యాబ్_మేడమ్:
ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూస్తాను, అరవై మెషీన్లు, అన్నీ డ్యూయల్ బూటే. మా అనుభవంలో ఒక్క డిస్క్‌లో రెండూ పెట్టడం కంటే రెండో చిన్న ఎస్‌ఎస్‌డీ కొని దానిమీద లినక్స్ వెయ్యడం హాయి, లినక్స్ వద్దనుకుంటే ఆ డిస్క్ ఊడదీసి పక్కన పెడితే సరి. ఒకటే జాగ్రత్త, వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ పీకేయండి, లేకపోతే ఇన్‌స్టాలర్ తెలివిగా బూట్ ఫైళ్ళు తీసుకెళ్ళి విండోస్ డిస్క్ ఈఎఫ్ఐలోనే పెడుతుంది, అప్పుడు రెండు డిస్కులు కొన్నా ముడి ఒక్కటే.

అలాగని రెండు డిస్కులుంటే ఏ గొడవా రాదనుకోవద్దు. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ గుర్తుందా? చాలామందికి లినక్స్ తెరవబోతే ఎస్‌బ్యాట్ అని పాత బూట్ ప్రోగ్రాంలని అడ్డుకునే చెక్ ఫెయిలైంది, ఏదో చాలా తప్పు జరిగిందని ఇంగ్లీషులో రెండు లైన్లు చూపించి మెషీన్ ఆగిపోయేది. పాత గ్రబ్‌లో 2022 నాటి ఒక లోపం మూయడానికి పెట్టిన నియమం అది, డ్యూయల్ బూట్ మెషీన్లని ముట్టుకోదని మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ ముట్టుకుంది. ఆ నియమం రాసుకునేది డిస్క్ మీద కాదు, మదర్‌బోర్డు మెమరీలో, కాబట్టి డిస్కులు రెండైనా మూడైనా లాభం లేదు, పాత లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ మీంచే నడిచే లినక్స్) కూడా బూటవ్వలేదు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ప్రోగ్రాంలనే రానిచ్చే సెట్టింగు) ఆపి, ఉబుంటూలోకి వెళ్ళి ఎంఓకే యుటిల్ కమాండ్‌తో ఆ నియమం చెరిపి, మళ్ళీ సెక్యూర్ బూట్ వెయ్యాలి. అప్పుడు కూడా ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్ళు ఉన్నారు, ఫార్మాట్ కొట్టినా బోర్డు మెమరీలోది పోదు మరి.

బెంచి గారు అడిగిన బిట్‌లాకర్ ప్రశ్న మాత్రం అసలైనది. ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

గాజువాక_కుర్రోడు:
ఎగ్జిట్ కొట్టా అన్నా. విండోస్ గుర్తు వచ్చింది, ఇంట్లో అందరం సంతోషపడ్డాం, తర్వాత నీలం స్క్రీన్ వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలు కొట్టమంటోంది. నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదు ఒట్టు.

డాబాగార్డెన్స్_బెంచి:
చెప్పానా. నువ్వు పెట్టక్కర్లేదు తమ్ముడూ, కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే ఈ బిట్‌లాకర్ తాళమే, దానంతట అదే పడిపోతుంది చాలావాటిలో, హోమ్ ఎడిషన్ అయినా సరే, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఇంకా ఎక్కువ. బూటయ్యే దారిలో మధ్యన గ్రబ్ కనపడింది కాబట్టి అనుమానమొచ్చి తాళం అడుగుతోంది. ఈ కీ లేకపోతే డీ డ్రైవ్ కూడా తెరుచుకోదు, ఏ రికవరీ సాఫ్ట్‌వేరూ పనిచెయ్యదు, నేనైనా ఆ షాపాయనైనా ఫార్మాట్ తప్ప చేసేదేం లేదు. గోళీ అన్నారు కదా, ఇప్పుడు చెప్పండి వేరే మందు.

ఎన్‌ఏడీ_కొత్తరోడ్:
బిట్‌లాకర్ సంగతి ముందే అడగాల్సింది, అది నా తప్పే. తమ్ముడూ, ముందు ఆపేసి మళ్ళీ ఆన్ చేసి, గ్రబ్ దాకా వెళ్ళనివ్వకుండా బూట్ మెనూలోంచి నేరుగా విండోస్ బూట్ మేనేజర్ కొట్టు, మధ్యలో గ్రబ్ లేకపోతే ఒక్కోసారి అడగదు. అడిగితే మైక్రోసాఫ్ట్ అకౌంట్లోకి ఫోన్‌లోంచి వెళ్తే రికవరీ కీలు ఉంటాయి, స్క్రీన్ మీద కనపడే కీ ఐడీ మొదటి 8 అక్షరాలతో సరిపోల్చుకో.

గాజువాక_కుర్రోడు:
నేరుగా వెళ్ళినా అడుగుతోంది. నా అకౌంట్లో ఏ కీ లేదు.

ల్యాబ్_మేడమ్:
ఆ ల్యాప్‌టాప్ కొన్నరోజు మొదట సెటప్ చేసింది ఎవరు బాబూ? నువ్వేనా?

గాజువాక_కుర్రోడు:
మేడమ్!! బావ. కాకినాడ నుంచి పండక్కి వచ్చినప్పుడు కొని, బావే తన మెయిల్‌తో సెటప్ చేశాడు, నేను తర్వాత నా అకౌంట్ కలుపుకున్నా. ఫోన్ చేశా, డ్యూటీలో ఉన్నాడు, రాత్రికి చూస్తానన్నాడు.

గాజువాక_కుర్రోడు:
వచ్చింది. బావ అకౌంట్లోనే ఉంది కీ. 48 అంకెలు అక్క ఫోన్‌లో చదువుతుంటే కొట్టా, రెండుసార్లు తప్పాయి, మూడోసారి తెరుచుకుంది. టాలీ అంతా ఉంది. ఇప్పుడా 90 జీబీ సీ కి ఎలా కలపాలి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ, పక్కన డీ, ఆ తర్వాత ఖాళీ కనపడుతోంది. జీపార్టెడ్‌తో డీ ని జరపనా?

డాబాగార్డెన్స్_బెంచి:
వద్దు!

ఎన్‌ఏడీ_కొత్తరోడ్:
ఈ ఒక్క విషయంలో అన్నతో ఏకీభవిస్తున్నా. ఎక్స్‌టెండ్ నొక్కడానికి రాకపోవడం కూడా అందుకే, ఖాళీ అన్నది సీ కి కుడిపక్కన ఆనుకుని ఉండాలి, మధ్యలో డీ ఉంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి డీ మొత్తం దానిమీదకి తీసి, రెండు ఫైళ్ళు తెరిచి చూసుకుని, అప్పుడు డీ చెరిపి, సీ పెంచి, మిగిలినదానితో కొత్త డీ చేసుకో. బయోస్‌లో విండోస్‌ని పైకి పెట్టడం మర్చిపోకు, లేకపోతే రేపు మళ్ళీ వాచ్‌మనే.

తర్వాతొస్తా:
లేదా ఆ 90 జీబీని ఈ (E) డ్రైవ్ అని పేరు పెట్టి సినిమాలు అందులో పడేయ్. పది నిమిషాల పని.

డాబాగార్డెన్స్_బెంచి:
@తర్వాతొస్తా మొత్తం థ్రెడ్‌లో పనికొచ్చే మాట ఇదే. అన్నట్టు ఆ షాపాయన చూసినందుకు ఎంత తీసుకున్నాడు?

గాజువాక_కుర్రోడు:
200.

ఎన్‌ఏడీ_కొత్తరోడ్:
చూడకుండా చూసినందుకు పర్లేదు.

డాబాగార్డెన్స్_బెంచి:
నేనైతే 300 తీసుకునేవాణ్ణి, కానీ బావ ఎవరని అడిగేవాణ్ణి.

గాజువాక_కుర్రోడు:
ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ అవుతోంది, ఇంకో 40 నిమిషాలంట. నాన్న వచ్చి ఏటి చేస్తున్నావ్ అన్నాడు. బ్యాకప్ తీస్తున్నా అన్నా. "అదేటి, రోజూ తీస్తున్నావనుకున్నానే" అన్నాడు.