రెతాబ్లో మీది రాత ఎవరితో మాట్లాడుతుంది?

మెక్సికో చర్చిల్లో కొన్నిచోట్ల గోడల నిండా చిన్న చిన్న రేకు బొమ్మలు వేలాడుతుంటాయి. అక్కడి జనం వాటిని రెతాబ్లోలంటారు. పండితులు వాడే లాటిన్ పేరు ఎక్స్ వోతో, అంటే 'మొక్కు ప్రకారం' అని. ఆపద గట్టెక్కినవాళ్ళు ఊళ్ళో బొమ్మలేసే మనిషి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి గీయించుకుంటారు. పైన ఓ మూల మబ్బుల్లో మేరీమాతో, ఏ పునీతుడో ఉంటారు. మధ్యలో గుర్రం మీంచి పడ్డ మనిషో, కాన్పు కష్టమై మంచంలో ఉన్న ఆడమనిషో, మంటల్లో ఉన్న ఇల్లో. అడుగున నాలుగైదు వరుసల రాత.

బొమ్మల గురించి బోలెడు రాశారు. ఇది భాష గురించి మాట్లాడుకునే ఆన్‌లైన్ గుంపు కాబట్టి నేను అడుగున ఉన్న రాత సంగతే ఎత్తుతున్నాను.

ఆ రాతకు ఒక మూస ఉంది. "దోయ్ గ్రాసియాస్ ఆ లా బిర్హెన్..." అని మొదలవుతుంది. తెలుగులో చెప్పాలంటే, "సాన్ హువాన్ దే లోస్ లాగోస్ ఊరి మేరీమాతకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను, నన్ను ఫలానా గండం నుంచి కాపాడినందుకు." తర్వాత ఊరు, తేదీ, జబ్బు పేరు, డాక్టర్లు చేతులెత్తేసిన వైనం.

ఇందులో 'నీకు' అన్న మాట లేదు చూడండి. మన భక్తి పాటల్లో, దండకాల్లో భక్తుడు దేవుణ్ణి ఎదురుగా నిలబెట్టి నువ్వు, నీవు అంటాడు, అలుగుతాడు, నిలదీస్తాడు. రెతాబ్లోలో మాత ప్రథమ పురుషలో, అంటే 'ఆమె'గా ఉంది. అంటే రాత ఆమెతో మాట్లాడటం లేదు, ఆమె గురించి చర్చికొచ్చిన మనతో మాట్లాడుతోంది. చాలా వాటిలో "ఆగో పుబ్లికో", అంటే 'నలుగురికీ తెలియజేస్తున్నాను' అనే మాట కూడా ఉంటుంది. నా మటుకు నాకు ఇది ప్రార్థన కాదు, వాంగ్మూలం. ఊరూ పేరూ తేదీ అంత పట్టింపుగా రాయడం కూడా అందుకే అనిపిస్తుంది. సాక్ష్యం చెప్పేటప్పుడు వివరాలు ఉండాలి కదా. మీరేమంటారు?

*

వాంగ్మూలం సరే, అప్పు చెల్లు రశీదు అంటే ఇంకా దగ్గరేమో. మెక్సికో వాడుకలో మొక్కుకు 'మాండా' అనే మాట ఉంది. దాంతో వచ్చే క్రియ 'పగార్', డబ్బు కట్టడానికి వాడేదే. మనం మొక్కు 'చెల్లించడం' అన్నట్టే. చెల్లించకపోతే ఏమవుతుందో రెండు చోట్లా తెలుసు!

మనకు "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అన్న సామెత ఉంది. దానికి సరిగ్గా తిరగేసిన బొమ్మలు అక్కడ చాలా ఉన్నాయి. రియో బ్రావో నది దాటి అమెరికా వెళ్ళినవాళ్ళు, నీళ్ళలో కొట్టుకుపోబోయి బతికాక, ఎడారిలో దారి తప్పి బయటపడ్డాక వేయించుకున్నవి. హోర్హే దురాన్, డగ్లస్ మాసీ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఈ వలస రెతాబ్లోలనే ప్రత్యేకంగా సేకరించి పరిశోధించారు. ఏరు దాటినా మల్లయ్యను మరిచిపోనివాళ్ళన్నమాట.

*

రాతలో అక్షర దోషాల గురించి ఎవరూ అనలేదేం? స్పానిష్‌లో బి, వి అక్షరాలు రెండూ ఒకేలా పలుకుతాయి, హెచ్ అసలు పలకదు. కాబట్టి రెతాబ్లోల్లో బి బదులు వి, వి బదులు బి, హెచ్ మాయం. మన గోడరాతల్లో శ, ష, స కలగాపులగం అయినట్టు. దోషాలని ఎగతాళి చేసేవాళ్ళుంటారు గానీ, ఊళ్ళో జనం మాట ఎలా ఉండేదో తెలుసుకోవడానికి అవే ఆధారం. దిద్దేస్తే ఏం మిగులుతుంది?

గీసినవాళ్ళలో ఎక్కువమంది పేర్లు తెలియవు. తెలిసిన వాళ్ళలో గొప్పవాడు హెర్మెనెహిల్దో బుస్తోస్ (1832–1907), గువానాహువాతో రాష్ట్రంలోని పురీసిమా దెల్ రింకోన్ ఊరివాడు. ఐసులమ్మడంతో సహా రకరకాల పనులు చేశాడు. సంతకం కింద తనను తాను చిత్రకారుడని కాకుండా 'అఫిసియోనాదో', అంటే సరదాకి గీసేవాణ్ణి, అని రాసుకున్నాడు. ఈ రోజు అతని పేరు మెక్సికో కళాచరిత్రలో ఉంది.

*

ప్రథమ పురుష అన్నారు కాబట్టి ఒక మాట. మన గుడి శాసనాలు చూడండి. శక సంవత్సరం, తిథి, దాత పేరు, అఖండదీపానికి ఇచ్చిన దానం, ఆ పైన "తమ తల్లిదండ్రులకు పుణ్యముగాను". అక్కడా దేవుణ్ణి నీవు అని పిలవరు, వచ్చిపోయేవాళ్ళు చదవాలనే రాయిస్తారు. శాసనాలు దానం నిలబడాలని రాయించినవి, రెతాబ్లో గండం గడిచిందని రాయించింది. అంత తేడా ఉన్నా వాక్యం నడక ఒకటే. అయితే మన 'పుణ్యముగాను' పోయినవాళ్ళ కోసం కూడా. మరి మెక్సికోలో పోయినవాళ్ళకు బొమ్మలున్నాయా?

*

మొదటి పోస్టు నాదే. ఉన్నాయండీ, కానీ అది వేరే కోవ. చనిపోయిన పసిపిల్లలకు దేవదూతలాగానో పునీతుడిలాగానో బట్టలు వేసి, పూలు పెట్టి గీయించేవాళ్ళు. తర్వాత ఫొటోలు తీయించారు. అలాంటి పిల్లల్ని 'ఆంహెలీతో' అంటారు, బుజ్జి దేవదూత. నవంబర్ 1 పిల్లలకు, 2 పెద్దలకు అనే పోయినవాళ్ళ పండగ లెక్క కూడా ఇక్కడిదే. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో 1937లో గీసిన ఒక బొమ్మలో మూడేళ్ళ పిల్లవాడు కిరీటంతో చాప మీద పడుకుని ఉంటాడు. దాని పేరులో 'దిఫుంతీతో' అనే మాట ఉంది. 'దిఫుంతో' అంటే కీర్తిశేషుడు, దానికి ముద్దు ప్రత్యయం తగిలించారు. తెలుగులో దీన్ని ఎలా తేవాలో నాకు తోచలేదు. 'బుజ్జి కీర్తిశేషుడు' అంటే వెటకారమైపోతుంది.

ఫ్రీదా, ఆమె భర్త, చిత్రకారుడు దియేగో రివేరా ఇద్దరూ రెతాబ్లోలు వందల కొద్దీ పోగుచేశారు. వాటిలో ఒక పాత ప్రమాదం బొమ్మ చూసి ఫ్రీదా, అది 1925లో తనకు జరిగిన బస్సు ప్రమాదంలాగే ఉందని, పడి ఉన్న అమ్మాయికి తన కలిసిన కనుబొమలు దిద్ది, కింద రాత తన అమ్మానాన్నల పేరుతో రాసేసింది. వేరెవరి మొక్కునో తన మొక్కు చేసుకుంది! అందులోనూ తల్లిదండ్రులు ప్రథమ పురుషలోనే: ఫలానా దంపతులు మాతకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నారు, తమ పిల్లను కాపాడినందుకు.

*

రెతాబ్లోకు తెలుగు పేరు తేల్చండి ముందు. 'మొక్కుబడి చిత్రం' అన్నారో, మొక్కుబడిగా గీసిందేమో అనుకుంటారు.

*

'మొక్కు పటం' అనండి. దేవుడిదైనా, పోయినవాళ్ళదైనా ఇంట్లో గోడకు వేలాడేదాన్ని మనం పటమనే అంటాం.

*

నాకు నచ్చింది. కాకపోతే రేకు అన్న ముక్క పోతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో తగరం పూత రేకు చవగ్గా దొరకబట్టే ఈ బొమ్మలు పేదవాళ్ళ చేతికొచ్చాయి. అంతకుముందు కాన్వాస్ మీద వేయించుకున్నవాళ్ళు డబ్బున్నవాళ్ళే. 'రేకు పటం' అంటే ఎలా ఉంటుంది?